ఎంతసేపు? ఎంతవరకు? – సైబరాబాదు చదివిన లూపులు

సైబరాబాదు చరిత్ర చెప్పమంటే మనవాళ్ళు సాధారణంగా కట్టడాలతో మొదలుపెడతారు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించడం, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు హైటెక్ సిటీని రాష్ట్రానికి కొత్త ముఖచిత్రంగా చూపించడం, అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో తెరవడం, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలవడం ఆ కథలో తప్పనిసరి ఘట్టాలు. ఆ కథ అబద్ధం కాదు గాని అందులో ఒక వెలితి ఉంది. ఆ మేడల్లో కూర్చున్న మనుషులు రోజంతా ఏం చేసేవారన్న సంగతి అందులో కనిపించదు.

వారిలో చాలామంది చాలాకాలం చేసిన పని చదవడం. ఎక్కడో అమెరికాలోనో ఐరోపాలోనో, ఇరవై ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో రాసి వదిలిపెట్టిన ప్రోగ్రాములను చదివి, అర్థం చేసుకుని, చెడినచోట బాగుచేసి, మళ్ళీ నడిపించడం. మన నగరానికి సాఫ్ట్‌వేరులో పేరు తెచ్చిన తొలి విద్య ఒక విధంగా పఠనమే. ఆ పఠనంలో కన్ను ఎక్కడ తడబడుతుందో చూస్తే మాటిమాటికీ ఒకే చోటు తగులుతుంది. అదే లూపు. ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఇంతే: లూపు రూపాన్ని ఎంచుకోవడమంటే తరువాత చదివేవాడికి మాట ఇవ్వడం. ఈ పని ఎన్నిసార్లు జరుగుతుందో, ఎప్పుడు ఆగుతుందో ఇక్కడే చెబుతున్నానన్న మాట అది. లూపుల చరిత్రలో పెద్ద భాగం ఆ మాటను తేటగా చెప్పడం ఎలాగన్న వెతుకులాట. ఆ మాట తప్పితే ఏమవుతుందో హైదరాబాదులో ఒక తరం తమ ఉద్యోగంగానే చూసింది.

ఏడు చేపలు, ఒక చీమ

ప్రోగ్రాములతో పరిచయం లేని మిత్రుల కోసం మనందరికీ తెలిసిన కథతో మొదలుపెడతాను. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు, అందులో ఒకటి ఎండలేదు. ఈ కథలో రెండు రకాల పునరావృత్తి ఉంది. మొదటిది చేపలను ఎండబెట్టడం. చేపలెన్నో ముందే తెలుసు. ఒక్కొక్క చేపనూ తీసుకోవాలి, ఎండలో పెట్టాలి. ఏడూ అయిపోతే పని అయిపోయినట్టే. ఎక్కడ ఆగాలన్న ప్రశ్నే రాదు. రెండవది ఎండని చేపను కారణం అడగడం. చేప గడ్డిని చూపిస్తుంది, గడ్డి ఆవును చూపిస్తుంది, ఆవు కాపరిని చూపిస్తుంది. ఇలా ఎందరిని అడగాలో అడిగేవాడికి తెలియదు. ఊరూరికీ ఈ వరసలో పాత్రలు మారుతాయి, సంఖ్య కూడా మారుతుంది. ఇంకొకరి మీద నెపం వెయ్యకుండా, తన పుట్టలో వేలు పెట్టినందుకు కుట్టానని చీమ ఒప్పుకున్నప్పుడే ప్రశ్నలు ఆగుతాయి.

మొదటి రకాన్ని చాలా ప్రోగ్రామింగు భాషల్లో 'ఫర్' అంటారు, రెండవ రకాన్ని 'వైల్' అంటారు. మొదటిదాంట్లో లెక్క ముందే తెలుసు, రెండవదాంట్లో షరతు మాత్రమే తెలుసు. చేపలను ఎండబెట్టడాన్ని వైల్‌తోనూ రాయవచ్చు, చీమను వెదకడాన్ని ఫర్‌తోనూ రాయవచ్చు. యంత్రానికి అభ్యంతరం లేదు. ఇబ్బందంతా చదివేవాడిది. వైల్ కనిపించగానే, ఇది ఎప్పుడు ఆగుతుందో ముందుగా తెలియదన్నమాట అనుకుని అతను జాగ్రత్త పడతాడు. తీరా చూస్తే అది ఏడు చేపల లెక్కే అయితే ఆ జాగ్రత్త అంతా వృథా. ఫర్ కనిపించగానే అతను నిశ్చింతగా ఉంటాడు. లోపల ఎక్కడో ఎవరో ఆ లెక్కపెట్టే అంకెనే మార్చేసి ఉంటే ఆ నిశ్చింతే కొంప ముంచుతుంది.

'వరకు' అనే మాటలోని చిక్కు

మన భాషలోనే ఈ చిక్కు ఉంది. 'వాన పడుతున్నంతసేపు ఆగు' అన్నా, 'వాన తగ్గేవరకు ఆగు' అన్నా చేసే పని ఒకటే. కాని షరతులు తలకిందులు. మొదటిదాంట్లో షరతు నిజమైనంతకాలం పని సాగుతుంది, రెండవదాంట్లో షరతు నిజం కాగానే పని ఆగిపోతుంది. ఇంగ్లీషులోని వైల్‌కూ అంటిల్‌కూ ఉన్న భేదం ఇదే. ఇంకొక మెలిక కూడా ఉంది. సోమవారం వరకు సెలవంటే సోమవారం బడికి వెళ్ళాలా వద్దా? ఈ సందేహం రాని ఇల్లు ఉండదు. ప్రోగ్రాములలో 'ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ' తప్పులు పుట్టేది ఈ గడప మీదే.

కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మన పెద్దలు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, 'లాభం' అంటారు. ఏడు అనడం ఇష్టం లేక 'ఆరున్నొకటి' అంటారు. పిలుపు మారినా లెక్క మారదు. లెక్క ఏ అంకెతో మొదలుపెడతామన్నది సంప్రదాయం. ఎన్ని కుంచాలు కొలిచామన్నది వాస్తవం. ఈ రెండింటినీ కలగలిపినప్పుడే ఇబ్బంది. 1982లో ఎడ్స్గర్ డైక్స్‌ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త ఈ విషయం మీద ఒక చిన్న వ్యాసం రాసాడు. లెక్కను సున్నతో మొదలుపెట్టి, పై హద్దును కలుపుకోకుండా వదిలేస్తే, రెండు హద్దుల మధ్య భేదమే చుట్ల సంఖ్య అవుతుందనీ, కూడికలు తీసివేతలు తప్పుతాయనీ వాదించాడు. సీ, జావా, పైథాను భాషల అలవాటు ఆ వాదనతో సరిపోతుంది. ఫోర్ట్రాను, కోబాలు సంప్రదాయం ఒకటితో మొదలవుతుంది. ఒక భాష నుంచి ఇంకొక భాషకు ప్రోగ్రామును మార్చే పనిలో ఉన్నవారికి ఈ భేదం నిత్యానుభవం.

మూడు నాలుగు మజిలీలు

పునరావృత్తిని యంత్రానికి చెప్పాలన్న ఆలోచన కంప్యూటర్ల కంటె ముందే పుట్టింది. చార్లెస్ బాబేజ్ తలపెట్టిన యంత్రం గురించి 1843లో ఏడా లవ్‌లేస్ రాసిన వివరణలో, ఒకే క్రియల సముదాయాన్ని మళ్ళీ మళ్ళీ జరిపించడం గురించిన చర్చ ఉంది. మగ్గానికి నమూనా చెప్పే చిల్లుల అట్టలను వెనక్కు తిప్పి మళ్ళీ వాడుకున్నట్టే లెక్కల అట్టలనూ తిప్పుకోవచ్చని ఆ ఊహ.

1957లో ఐబీఎం నుంచి వచ్చిన ఫోర్ట్రాను 'డూ' అనే లూపును తెచ్చింది. అందులో మొదలు, ముగింపు, అడుగు ఒకే పంక్తిలో ఉంటాయి. ఆ భాషలో ఐ నుంచి ఎన్ వరకు ఉన్న అక్షరాలతో మొదలయ్యే పేర్లు, వేరే చెప్పకపోతే, పూర్ణాంకాలు. లూపు లెక్కకు ఐ, జె, కె అని పేర్లు పెట్టే అలవాటుకు ఇది బలం చేకూర్చింది. నేటికీ మన కుర్రవాళ్ళు లెక్కకు 'ఐ' అని పేరు పెట్టడంలో ఆ కాలపు నీడ ఉంది. 1960 నాటి ఆల్గాల్‌లో ఒకే 'ఫర్' వాక్యంలో లెక్కా, షరతూ రెండూ ఇమిడి ఉండేవి. 1970లో నిక్లాస్ వర్త్ రూపొందించిన పాస్కల్ వీటిని మూడుగా విడదీసింది: లెక్క తెలిసినప్పుడు ఫర్, ముందు షరతు చూసి లోపలికి వెళ్ళేందుకు వైల్, ఒక్కసారైనా తప్పక చేసి ఆ తర్వాత షరతు చూసేందుకు రిపీట్. చదువరికి ఇచ్చే మాటలు మూడైతే వాటికి పేర్లూ మూడయ్యాయి.

ఈ విడదీతకు ముందు పెద్ద వాదమే నడిచింది. పాత ప్రోగ్రాములలో లూపును 'గో టు'తో, అంటే ఫలానా చోటికి దూకమనే ఆజ్ఞతో కట్టేవారు. 1966లో బోమ్, జాకొపిని అనే ఇటలీ శాస్త్రవేత్తలు వరుస, ఎంపిక, పునరావృత్తి అనే మూడు నిర్మాణాలతో ఏ ప్రోగ్రామునైనా కట్టవచ్చని నిరూపించారు. 1968 మార్చిలో డైక్స్‌ట్రా రాసిన లేఖ గో టు హానికరమన్న శీర్షికతో అచ్చయింది. ఆ శీర్షిక పెట్టింది సంపాదకుడుగా ఉన్న వర్త్. డైక్స్‌ట్రా వాదన సారాంశం చదువరి పక్షానిదే. కాగితం మీద ప్రోగ్రాము కదలకుండా ఉంటుంది, యంత్రంలో అది కాలంలో కదులుతుంది. మనిషి బుద్ధికి కదలని వస్తువును చూసి అర్థం చేసుకోవడం తేలిక. కాబట్టి రాతకూ నడకకూ మధ్య దూరం ఎంత తగ్గితే అంత మంచిది. చక్కగా ఎంచుకున్న లూపు చేసే పని ఆ దూరాన్ని తగ్గించడమే.

కోబాలు హైదరాబాదుకు వచ్చిన వేళ

హైదరాబాదుకు కంప్యూటర్లు కొత్త కాదు. 1967లో ఇక్కడ నెలకొన్న ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసింది. కాని పరాయి దేశపు ప్రోగ్రాములు గుట్టలుగుట్టలుగా ఇక్కడికి రావడం తరువాతి కథ. 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్ 1991లో అమెరికాలోని జాన్ డీర్ సంస్థ పని సంపాదించింది. ఆ దశాబ్దం నడిచేకొద్దీ అలాంటి పనులు అనేక సంస్థలకు వచ్చాయి. 1990ల చివర 2000 సంవత్సరపు సమస్య వచ్చిపడేసరికి, కోబాలు చదవగలిగిన మనిషి ఎవరైనా ఉన్నారా అని ప్రపంచం వెదికింది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల మెట్లమీద, మేడలమీద శిక్షణ కేంద్రాలు వెలిసాయి. సివిలు, మెకానికలు చదివినవారూ, ఆర్ట్సు పట్టభద్రులూ కోబాలు నేర్చుకున్నారు. ఆ వలస వ్యవస్థ గురించి షియాంగ్ బియావో అనే మానవశాస్త్రవేత్త హైదరాబాదులోనూ సిడ్నీలోనూ తిరిగి పరిశోధించి 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' అనే పుస్తకం వెలువరించాడు. ఎవరు ఎలా వెళ్ళారు, డబ్బు ఎలా చేతులు మారింది అన్నది అందులోని విషయం. వెళ్ళినవారు తెర మీద చదివినదేమిటన్నది మన విషయం.

కోబాలులో లూపు పేరు 'పెర్ఫార్మ్'. 1974 నాటి ప్రమాణం ప్రకారం రాసిన ప్రోగ్రాములో లూపు ఒకచోట, అది పదేపదే చేసే పని ఇంకొకచోట ఉంటాయి. ఫలానా పేరా నుంచి ఫలానా పేరా దాకా ఈ షరతు తీరేవరకు జరిపించమని ఇక్కడ ఒక వాక్యం ఉంటుంది. ఆ పేరాలు వందల పంక్తుల అవతల ఉండవచ్చు. మధ్యలో ఒక గో టు ఉంటే చదివేవాడు దారి తప్పినట్టే. ప్రోగ్రాము నడుస్తుండగా గో టు గమ్యాన్నే మార్చివేసే 'ఆల్టర్' అనే ఆజ్ఞ కూడా ఆ భాషలో ఉండేది. 1985 ప్రమాణం ఆల్టర్‌ను కాలం చెల్లినదిగా ప్రకటించింది. లూపు పనిని లూపులోపలే రాసి 'ఎండ్-పెర్ఫార్మ్' అని మూసే పద్ధతినీ ఆ ప్రమాణమే తెచ్చింది. షరతును ముందు చూడాలా తర్వాత చూడాలా అన్నది స్పష్టంగా రాసే వీలు కూడా అప్పుడే వచ్చింది. అంతకుముందు 'అంటిల్' అన్న మాట చూసి, పని ఒక్కసారైనా జరుగుతుందని అనుకునే ప్రమాదం ఉండేది. నిజానికి కోబాలులో ఏమీ చెప్పకపోతే షరతునే ముందు చూస్తారు. షరతు మొదటే తీరిపోయి ఉంటే పని ఒక్కసారి కూడా జరగదు.

ఇప్పుడు రెండంకెల సంవత్సరాన్ని ఈ లూపులో పెట్టి చూడండి. ఒక అప్పుకు 1997 నుంచి 2002 దాకా ఏటేటా వడ్డీ కట్టాలనుకుందాం. ప్రోగ్రాములో సంవత్సరానికి రెండంకెల గది మాత్రమే ఉంది. సంవత్సరం 97తో మొదలై, 02 కంటె ఎక్కువయ్యేవరకు వడ్డీ కలుపుతూ పొమ్మని రాసి ఉంది. 97 మొదటే 02 కంటె ఎక్కువ. షరతు తీరిపోయింది. లూపు ఒక్క చుట్టు కూడా తిరగదు, ఒక్క పైసా వడ్డీ పడదు, ఎక్కడా తప్పు సందేశం రాదు. ఇంకొకచోట సంవత్సరం 99 కంటె ఎక్కువయ్యేవరకు అని రాసి ఉందనుకుందాం. రెండంకెల గదిలో 99 తర్వాత సాధారణంగా 00 వస్తుంది. 99ని మించిన అంకె ఆ గదిలో పట్టదు. అంటే ఆ లూపు ఎన్నటికీ ఆగదు. మొదటి లూపు అసలు మొదలు కాదు, రెండవది అసలు ముగియదు. ఇలాంటివాటిని పట్టుకోవాలంటే తేదీ అన్న పేరున్న గదులను వెదికితే చాలదు. ఆ గది ఏ లూపు షరతులో కూర్చుందో, ఆ లూపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చదవాలి.

సమస్యకు పరిష్కారాలు ముఖ్యంగా రెండు. గదిని నాలుగంకెలకు పెంచడం ఒకటి. 00 నుంచి 49 దాకా ఉంటే 2000లనీ, 50 నుంచి 99 దాకా ఉంటే 1900లనీ ఒక హద్దు పెట్టుకోవడం రెండవది. దీన్ని కిటికీ పద్ధతి అనేవారు. హద్దు ఏ సంవత్సరం దగ్గర పెట్టాలన్నది ప్రోగ్రామును బట్టి మారేది. రెండవ పద్ధతి చవక. కాని దాన్ని ఎంచుకున్నచోట ప్రతి పోలికనూ మళ్ళీ చదవక తప్పదు. లూపు షరతు కూడా పోలికే. 2000 జనవరి 1 పెద్ద ఉత్పాతం లేకుండా గడిచిపోవడంతో, అసలు సమస్యే లేదని, అంతా అనవసరపు హడావిడి అని అన్నవారున్నారు. చదివి సరిచేసినవారి పని ఫలించిందనడానికి ఏమీ జరగకపోవడం తప్ప వేరే ఆనవాలు ఉండదు. ఆ వృత్తిలోని దౌర్భాగ్యం అది.

మధ్యలో లేచిపోవడం తప్పా?

చదువరి పక్షం వహించినంత మాత్రాన అన్ని ప్రశ్నలూ తేలిపోవు. అమీర్‌పేటలో కోబాలు నేర్చినవారందరికీ తెలిసిన ఒక పద్ధతి ఉంది. ఒక ఫైలులోని రికార్డులను చివరిదాకా చదివి లెక్క కట్టాలి. ఫైలు అయిపోయిందో లేదో చదివి చూస్తే గాని తెలియదు. కాబట్టి సహజమైన క్రమం ఇది: చదువు, అయిపోతే లేచిపో, లేకపోతే లెక్క కట్టు, మళ్ళీ చదువు. అంటే ఆగే చోటు లూపుకు మొదట్లోనూ లేదు, చివరనూ లేదు, నడుమ ఉంది. నడుమ నుంచి లేచిపోవడం క్రమశిక్షణ కాదని నమ్మినవారు, లూపుకు ముందు ఒకసారి చదివించి, లూపు చివర మళ్ళీ చదివిస్తారు. చదివే ఆజ్ఞ రెండుచోట్ల పడుతుంది. పదేళ్ళ తర్వాత వచ్చినవాడు ఒకచోట మార్చి రెండవచోట మరిచిపోతే అక్కడొక కొత్త తప్పు పుడుతుంది.

డొనాల్డ్ నూత్ 1974లో గో టు మీద రాసిన సుదీర్ఘ వ్యాసంలో ఈ చిక్కును ప్రత్యేకంగా చర్చించాడు. నడుమ ఆగే లూపుకు ఓలె-యోహన్ డాల్ సూచించిన రూపాన్ని మెచ్చుకున్నాడు. 1983లో సోలోవే, బోనార్, ఎర్లిక్ అనే ముగ్గురు విద్యార్థులతోనూ, అనుభవం ఉన్నవారితోనూ ప్రయోగం చేసారు. నడుమ లేచిపోయే వీలున్న లూపును ఇచ్చినప్పుడు జనం తప్పులు తక్కువగా రాసారని తేలింది. మనసు సహజంగా తలచే క్రమానికి భాష అడ్డు రాకపోవడమే అందుకు కారణమని వారి భావన.

దీన్నిబట్టి నాకు తోచేదేమంటే, ఒకే ద్వారం ఉండాలన్న నియమం కంటె ద్వారం కనిపించాలన్న నియమం మేలు. లూపు పది పంక్తులుండి, ఆగే చోటు స్పష్టంగా ఒకటే ఉంటే నడుమ లేచిపోయినా చదువరికి ఇబ్బంది లేదు. లూపు మూడు వందల పంక్తులుండి, పైన షరతు ఒకటుండి, లోపల అయిదుచోట్ల తప్పించుకునే కంతలుంటే, పైనున్న షరతు అబద్ధం చెబుతున్నట్టే.

ఒక సంవత్సరాంతపు రాత్రి

షరతు ఒకచోట, నిజమైన ఆట ఇంకొకచోట ఉంటే ఏమవుతుందో 2008 డిసెంబరు 31న ప్రపంచమంతా చూసింది. మైక్రోసాఫ్ట్ అమ్మిన 30 గిగాబైట్ల జూన్ అనే పాటల యంత్రాలు ఆ రోజు ఉన్నపళంగా మొరాయించాయి. లోపలి గడియారపు ప్రోగ్రాము 1980 నుంచి గడిచిన రోజుల లెక్కను సంవత్సరాలుగా మార్చాలి. రోజులు 365 కంటె ఎక్కువ ఉన్నంతసేపు, మామూలు సంవత్సరమైతే 365 తీసివెయ్యి. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటె ఎక్కువ ఉంటే 366 తీసివెయ్యి. 2008 లీపు సంవత్సరం. డిసెంబరు 31 ఆ ఏటి 366వ రోజు. 366 అన్నది 365 కంటె ఎక్కువ కనుక లూపు లోపలికి వెళ్ళింది. 366 కంటె ఎక్కువ కాదు కనుక లోపల ఏమీ తీసివేయలేదు. మళ్ళీ పైకి వచ్చింది, మళ్ళీ లోపలికి వెళ్ళింది. బ్యాటరీ అయిపోయి తేదీ మారేదాకా అదే తంతు.

1967లో రాబర్ట్ ఫ్లాయిడ్, 1969లో టోనీ హోర్ ప్రోగ్రాముల మీద తర్కాన్ని ప్రయోగించి చూపిన దారిలో, ఏ లూపునైనా రెండు ప్రశ్నలు అడగవచ్చు. వాటిని కళ్ళంలో పెట్టి చూద్దాం. ధాన్యపు రాశిని కుంచంతో కొలిచి గాదెలో పోస్తున్నాం. ప్రతి చుట్టు తర్వాతా, రాశిలో మిగిలినదీ గాదెలో చేరినదీ కలిపితే మొదటి రాశికి సమానంగా ఉందా? ఇది చుట్టు చుట్టుకూ చెడకూడని నిజం. ప్రతి చుట్టుకూ రాశి తరుగుతోందా? ఇది లూపు ఆగుతుందనడానికి పూచీ. జూన్ ప్రోగ్రాము రెండవ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయింది. దాంట్లో రాశి తరగని చుట్టు ఒకటి ఉంది. నాలుగేళ్ళకొకసారి, ఒక్క రోజు మాత్రమే ఆ చుట్టు వస్తుంది. పరీక్షలో దాన్ని పట్టుకోవడం కష్టం. చదివి పట్టుకోవచ్చు, చదవడానికి వీలుగా రాసి ఉంటే.

ఒక్కొక్కటీ తీసుకో, చాలు

2000 తర్వాత మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి కార్యాలయాల్లో జావా, డాట్ నెట్ ముందుకు వచ్చాయి. 2002లో వచ్చిన సీ షార్ప్‌లో 'ఫర్ ఈచ్' మొదటినుంచే ఉంది. జావాకు ఆ సౌకర్యం 2004లో విడుదలైన అయిదవ రూపంతో వచ్చింది. అప్పటిదాకా ఒక జాబితాలోని పేర్లన్నీ అచ్చువేయాలన్నా, లెక్కకు ఒక అంకె పెట్టుకుని, దాన్ని సున్నతో మొదలుపెట్టి, జాబితా పొడవుతో పోల్చి, ఒకటొకటిగా పెంచవలసి వచ్చేది. ఆ అంకెతో చదువరికి పనేమీ లేదు. అయినా అతను దాన్ని ప్రతిసారీ చదివి, ఎక్కడా పొరపాటు లేదని రూఢి చేసుకోవాలి. ఫర్ ఈచ్ ఆ అంకెను తీసి అవతల పెట్టింది. చేపలన్నింటినీ ఎండబెట్టమని చెప్పినట్టే ఉంటుంది. 2014లో జావా ఎనిమిదవ రూపం లూపు కూడా కనిపించకుండా, వడకట్టు, మార్చు, కూడు అని గొలుసుగా రాసే వీలు కల్పించింది.

కొత్తది వచ్చింది కదా అని అన్నిచోట్లా దాన్నే వాడడం మళ్ళీ చదువరికి శిక్షే. ఎన్నవ చేప అన్నది పనిలో భాగమైతే అంకె ఉన్న ఫర్ వాడడం న్యాయం. చీమ దొరికేదాకా వెదకాలంటే వైల్ వాడడం న్యాయం. ఒకసారి అడిగి, సరైన జవాబు రాకపోతే మళ్ళీ అడగాలంటే, చేసిన తర్వాత షరతు చూసే రూపం న్యాయం. అన్నింటినీ ఒక్కొక్కటిగా చూడడమే పనైతే ఫర్ ఈచ్. లూపులో లూపు, దానిలో మరొక లూపు పెట్టవలసి వచ్చినప్పుడు లోపలిదానికి ఒక పేరు పెట్టి విడిగా రాస్తే, ఆ పేరే సగం వ్యాఖ్యానం అవుతుంది.

వ్యాఖ్యాతల సీమ

మన ఐటీ ఉద్యోగుల మాటల్లో 'డెవలప్‌మెంటు' అన్న మాటకు ఉన్న గౌరవం 'మెయింటెనెన్సు' అన్న మాటకు లేదు. కొత్తది కట్టేవాడు పెద్ద, పాతది చూసుకునేవాడు చిన్న అన్న భావం బాగా పాతుకుపోయింది. అది అన్యాయమని నా అభిప్రాయం. సంస్కృత కావ్యాలు ఇన్ని శతాబ్దాలుగా బడుల్లో బతికి ఉండడానికి కారణం వాటిని రాసిన కవులు మాత్రమే కాదు, వాటికి అన్వయం చెప్పిన వ్యాఖ్యాతలు కూడా. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచలం మల్లినాథ సూరి మన మెదకు సీమలోని కొలిచారం వాడని ప్రసిద్ధి. మూలంలో ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ఆయన పెట్టుకున్న నియమం. ఇతరుల కోడును బాగుచేసే ఏ ఇంజనీరుకైనా అంతకంటె మంచి నియమం దొరకదు. అమీర్‌పేటలో మూడు నెలలు చదివి, ముక్కూ మొహం తెలియనివాడు రాసిన వెయ్యి పంక్తుల పెర్ఫార్మ్‌కు అన్వయం చెప్పిన కుర్రవాడు ఈ సంప్రదాయంలోనివాడే. అతని పేరు ఏ శిలాఫలకం మీదా లేదు.

నేడు ప్రోగ్రాములను యంత్రాలే చకచకా రాసిపెడుతున్నాయి. రాయడం చవక అయినకొద్దీ, రాసినది సరైనదో కాదో చదివి చెప్పవలసిన భారం పెరుగుతుంది. ఆ లూపు ఆగుతుందని పూచీ పడవలసినవాడు ఇంకా మనిషే. ఇరవై అయిదేళ్ళకు పైగా పరాయి లూపులు చదివిన ఊరు మనది. ఆ అనుభవం నేర్పిన పాఠం చిన్నదే: లెక్క తెలిస్తే లెక్క చెప్పు, షరతు మాత్రమే తెలిస్తే షరతు చెప్పు, ఆగే చోటును దాచకు.

చివరగా ఒక మాట. లూపు తిరిగే ఒక్కొక్క మారును నేను పైన 'చుట్టు' అన్నాను. చుట్టు చుట్టుకూ చెడకూడని షరతుకు 'చెడని నిజం' అన్నాను. ఇంతకంటె మంచి తెలుగు మాటలు మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి, వాడుకలో పెడదాం.